లారీలో మూరెడు చోటు

రంగుల మేస్త్రిని చెవి మీద పెన్సిలు, భుజం మీద మరకల గుడ్డ లేకుండా ఎవరూ చూసి ఎరగరు. దారిలో సామాన్ల లారీ కనిపిస్తే చాలు, ఆగిపోయి "ఆ బీరువా ఒరిగిపోతుంది చూడు" అని తనలో తనే గొణుక్కుంటాడు. అలాంటివాడికి ప్రదర్శనశాల గోడలకు తెల్లరంగు వేసే పని తగిలింది. హాలు మధ్యలో ఓ పాత లారీ. వలసపోయేవాళ్ల బతుకు చూపించాలని కళాకారిణి ఒకమ్మాయి దాన్నిండా పరుపులు, పెట్టెలు, గిన్నెలు అందంగా పేర్చింది. మేస్త్రి గంటసేపు ఓర్చుకున్నాడు. ఇక ఆగలేక బ్రష్షు బకెట్లో పడేసి లారీ దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, నీళ్లబిందె అడుగున పెట్టావేంటి? దారిలో దాహమేస్తే లారీ అంతా దింపుతారా?"

ఆమె మొహం వెలిగిపోయింది. "మీరే సర్దండి బాబాయ్!"

ఇక చూడాలి ఆయన హడావుడి! పెట్టెలు అడుక్కి, పరుపులు పైకి, బిందె చేతికందేచోటికి. యాభై అయిదేళ్ల మనిషి కుర్రాడిలా ఎక్కాడు, దిగాడు, తాళ్లు బిగించాడు, పెద్దపెట్టెను తిట్టి మరీ దారికి తెచ్చాడు. అంతా అయ్యాక పరుపుకీ పెట్టెకీ మధ్య మూరెడు ఖాళీ మిగిలింది.

"అక్కడేం పెడదాం బాబాయ్?"

"ఏమీ పెట్టకు. అది నా చోటు. నాకు ఆరేళ్లప్పుడు మావాళ్లు ఊరొదిలి లారీలో వలసొస్తుంటే, మూడు రోజులు ఇలాంటి సందులోనే కూర్చుని వచ్చా. ఉండు, చూపిస్తా!"

చెప్పులు విప్పేసి, ఒక్క ఊపున పైకెక్కి, మోకాళ్లు గడ్డానికి ఆనించి అందులో దూరబోయాడు. ఒక భుజం పట్టింది, రెండోది పట్టలేదు. హాలంతా మోగేలా నవ్వాడు.

"పట్టట్లేదమ్మాయ్! ఇన్నేళ్లూ పడతాననే అనుకుంటున్నా!"