నాలుగో గ్లాసులో నీళ్లచుక్క

2022 చలికాలం. అప్పటికి హైదరాబాద్‌లో హోటల్ బార్ ఉద్యోగం మానేసి, ఇళ్లలో, ఫామ్‌హౌస్‌లలో విస్కీ టేస్టింగ్‌లు పెడుతున్నాను. నాలుగు దేశాల విస్కీలు పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు వేరుగా ఉంటుందో చెప్పడం నా పని. ఆడమనిషి చెప్తే వినేదేమిటని మొహం తిప్పుకున్నవాళ్లే రెండో గ్లాసుకల్లా కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు. నాకు లోపల్లోపల నవ్వొస్తుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు ఒక ఫామ్‌హౌస్‌కు పిలిచారు. చుట్టూ క్యారెట్ మడులు. యజమాని యాదిరెడ్డి గారిది ముడిమ్యాల. పక్క ప్లాటు కొన్న శ్రీధర్ గారు గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ సాఫ్ట్‌వేర్ మనిషి. ఆయన యాభయ్యో పుట్టినరోజని యాదిరెడ్డి గారే పట్టుబట్టి ఈ విందు పెట్టారు. మరో ముగ్గురు స్నేహితులు ఉన్నారు.

నేను చేసేది బ్లైండ్ టేస్టింగ్. లేబుల్ కనపడకుండా సీసాలకు న్యూస్‌పేపర్ చుట్టేస్తాం. ధర చూసి కాకుండా నాలుకతో మెచ్చుకోవాలని. మొదట ఐర్లండ్‌ది, తేలిగ్గా తేనె వాసన. తరువాత అమెరికా బర్బన్, కొబ్బరి తీపి. మూడోది జపాన్‌ది. దాని గురించి చెబుతుండగా యాదిరెడ్డి గారు అడ్డొచ్చారు.

"బిడ్డా, నాలుగోది నా సీసా. మా అల్లుడు స్కాట్లాండ్‌ల కొన్నడు. పొగ వాసనొస్తది. నేనే పోస్త."

తోటలో పనిచేసే బాలయ్యను కేకేశారు. "బాలయ్యా! షెడ్డుల గూట్లె మందు సీసా ఉన్నది, పేపర్ చుట్టి పట్టుకరా!"

పొగ వాసన వచ్చే స్కాచ్‌ను పీటెడ్ అంటాం. బార్లీని పీట్ అనే ఎండిన బురదమట్టి పొగలో ఆరబెడతారు. కొత్తవాళ్లకు అది ఎక్కదు. అందుకని ముందే చెప్పాను: "ఇది దవాఖాన వాసన కొడుతుంది. భయపడకండి, దాని గుణమే అంత."

నేను జపాన్ గ్లాసుల దగ్గర ఉండగానే యాదిరెడ్డి గారు అందరికీ పోసేశారు. మామూలుగా నేను ప్రతి గ్లాసులో రెండు చుక్కల నీళ్లు వేయిస్తాను. వాసన విచ్చుకుంటుంది. శ్రీధర్ గారికి అది గిట్టదు. "నీళ్లు కలిపితే దాన్ని అవమానించినట్టేనండీ" అని నవ్వుతూ గ్లాసెత్తారు.

నేను నా గ్లాసులో చుక్క వేశాను. విస్కీ తేటగా ఉండాలి. అది పాలలా తెల్లగా మారింది. అప్పుడు ముక్కుకు తగిలింది. పొగ కాదు, కిరోసిన్ లాంటి ఘాటు.

"మింగకండి! ఉమ్మేయండి!" అని అరిచాను. శ్రీధర్ గారు రుమాల్లోకి ఉమ్మేశారు. మిగతావాళ్లు గ్లాసులు ఇంకా ఎత్తలేదు. "కొంచెం లోపలికి పోయిందండీ" అన్నారాయన, గొంతు పట్టుకుని.

గడప దగ్గర బాలయ్య చేతులు జోడించాడు. "నువ్వు మందు తెమ్మంటివి పటేలా. క్యారెట్‌కు కొట్టే మందే గద తెచ్చిన. డబ్బా కారుతున్నదని ఖాళీ సీసల పోసి ఆ గూట్లెనే పెట్టిన."

ఆ కారుతున్న డబ్బా తెమ్మని, దాన్ని కవర్లో వేసుకుని శ్రీధర్ గారితో, యాదిరెడ్డి గారితో కారెక్కాను. యాదిరెడ్డి గారి డ్రైవర్ చేవెళ్ల ఆసుపత్రి వైపు పోనిచ్చాడు. శ్రీధర్ గారికి చెమటలు పోస్తున్నాయి, నోట్లో నీళ్లు ఊరుతున్నాయి.

"మేడం, ఎంత లోపలికి పోతే మనిషి చచ్చిపోతాడండీ?"

నాకు తెలియదు. గ్లాసుల ముందు కూర్చుని అన్నీ తెలిసినట్టు మాట్లాడేదాన్ని, డబ్బా మీది చిన్న అక్షరాల్లో జవాబు వెతకసాగాను.

క్యాజువాలిటీలో డాక్టరమ్మ ఏమైందని అడిగింది. యాదిరెడ్డి గారు రొప్పుతూ, "మందు తాగిండమ్మా" అన్నారు.

మా అందరి దగ్గరా విస్కీ వాసనే. ఆమె మొహం చిట్లించింది. "కనబడుతనే ఉన్నది. అక్కడ పడుకోబెట్టండి, చూస్త" అని పక్క మంచం వైపు తిరిగింది.

"ఆ మందు కాదమ్మా, మేం కొట్టే మందు!"

"మీరు ఎంత కొట్టిన్రు?"

మందు అన్న ఆ ఒక్క మాటే మనిషిని చంపేలా ఉంది. డబ్బా తీసి ఆమె ముందు పెట్టాను. "పురుగుల మందు, డాక్టర్ గారూ! విస్కీ అనుకుని నోట్లో పోసుకున్నారు."

ఆమె లేబుల్ చదివి నర్సులను కేకేసింది. శ్రీధర్ గారి కళ్లలో లైటు వేసి చూసింది, బట్టలు విప్పించింది, ఒళ్లు కడిగించి సూది వేయించింది. మమ్మల్ని బయటికి పంపేశారు.

వరండాలో యాదిరెడ్డి గారు నేల మీద కూలబడ్డారు. "నా చేత్తోనే పోసిన బిడ్డా. పుట్టినరోజని పిలిచి నా చేత్తోనే పోసిన." నర్సు తెచ్చిచ్చిన శ్రీధర్ గారి ఫోన్ నా చేతిలో ఉంది. తెర మీద ఆయన భార్య పేరు వెలిగింది. ఆగింది. మళ్లీ వెలిగింది. ఎత్తడానికి భయమేసింది. ఎత్తాక ఆమె అడిగిన మొదటి మాట, "కేక్ ఎప్పుడు తెప్పించమంటారండీ?" అని.

మర్నాడు పొద్దున గండం గడిచిందన్నారు. చాలావరకు ఉమ్మేయడం, మందు పేరు వెంటనే తెలియడం కలిసొచ్చాయట. లోపలికి వెళ్తే శ్రీధర్ గారు నీరసంగా నన్ను చూసి, "మేడం, ఇంతకీ ఆ నాలుగోది ఏ దేశంది?" అన్నారు. నవ్వబోయి ఏడ్చేశాను.

ఇప్పుడు నా టేస్టింగ్‌లో 'మందు' అనే మాట ఎవరినీ అననివ్వను. ఎంత పెద్దమనిషి అయినా సీసా నా చేతి మీదుగానే పోవాలి. అంతా గ్లాసులు పట్టుకుని నా వైపు చూస్తుంటారు, నేనేదో గొప్ప రహస్యం చెబుతానని. నేను ముందు నా గ్లాసులో నీళ్లచుక్క వేస్తాను. గ్లాసు తేటగా ఉందని చూశాకే, "తాగండి" అంటాను.