తొక్క లేని నిమ్మకాయలు

చిరిగిన వల చేతిలో పెడితే చాలు, చింపిందెవరో చెప్పేసేవాడు డింకో జువానిచ్. ఇది సీల్ జంతువు కొరికింది, ఇది రాయికి పట్టుకుంది, ఇది కెప్టెన్ తాగి ఉండగా జరిగింది అని వేలితో తడిమి తేల్చేవాడు. శాన్ పెడ్రో రేవులో ఆయన చెయ్యి పడని వల లేదు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, "మీరంతా రోజూ వలలు చింపుకొస్తుంటే నాకు తీరికేదీ?" అనేవాడు. ఇప్పుడు కావలసినంత తీరిక. పని మానేసిన రోజున పడవవాళ్ళు వదిలేసిన పాత వలొకటి ఇంటికి తెచ్చి గరాజులో కుప్ప పోశాడు. అదెందుకంటే చెప్పలేడు, పారేయమంటే మాత్రం మొహం గంటు పెట్టుకుంటాడు.

కంచెకి అవతల ఇల్లు నుంజియాది. ఆమె మొగుడు గయెతానో, డింకో ఒకే పడవలో పనిచేశారు. గయెతానో పోయిన దగ్గర్నుంచీ ఆదివారం భోజనం డింకోకి ఆమె ఇంట్లోనే. ఆయన పెరట్లో నిమ్మచెట్టు, ఆమె పెరట్లో నారింజ చెట్టు. రెండూ కంచె మీద కొమ్మలు కలుపుకుని ఏది ఎవరిదో తెలియకుండా పెరిగాయి. ఏటా చలికాలం చివర డింకో ఒక బకెట్టు నిమ్మకాయలు కంచె మీంచి అందిస్తాడు. నుంజియా పైతొక్క మటుకు చెక్కి సారాయిలో ఊరేసుకుని, బోడికాయలు తిరిగి ఇచ్చేస్తుంది. వాటిని ఆయన కాల్చిన చేపల మీద పిండుకుంటాడు. షుగర్ వచ్చినప్పట్నుంచీ నారింజలు మాత్రం ఆయనకి బందు.

ఈ ఏడాది బకెట్టు పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్ళేసరికి, కొమ్మలకి బోడికాయలు వేలాడుతున్నాయి. తొడిమ ఊడలేదు, ఆకు నలగలేదు. పైతొక్క మాత్రం శుభ్రంగా పోయింది. కళ్ళజోడు పెట్టుకుని చూసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ కళ్ళజోడంటే ఆయనకి నామోషీ.

నిమ్మకాయ తొక్క తీసుకుని గుజ్జు వదిలేసే ప్రాణి ఈ లోకంలో ఆయనకి తెలిసినంతలో ఒక్కతే.

కోపం రావలసింది, భయం వేసింది. నుంజియా అక్కకి చివరి రోజుల్లో మతి పోయింది. చర్చిలో ప్లాస్టిక్ పూలకి నీళ్ళు పోస్తూ, నవ్వేవాళ్ళని చూసి తనూ నవ్వేది. ఆవిడని పూడ్చి వచ్చిన సాయంత్రం నుంజియా వసారాలో కూర్చుని డింకో చేత ఒట్టు వేయించుకుంది. "మనిద్దరిలో ముందు ఎవరికి మతి తప్పినా రెండోవాళ్ళు మొహం మీదే చెప్పేయాలి. ఊరందరికీ తెలిశాక కాదు, ముందు మనకి తెలియాలి." డింకో నవ్వి చేతిలో చెయ్యి వేశాడు. ఆ చెయ్యే ఇప్పుడు ఆయన గొంతు పట్టుకుంది.

ఆదివారం భోజనానికి కూర్చుని, మెల్లిగా మొదలుపెట్టాడు.

"ఇవాళ ఏం వారం నుంజియా?"

"ఆదివారం కాకపోతే నువ్వు ఇస్త్రీ చొక్కా తొడుగుతావా?"

"అది కాదులే. మీ ఆయనా నేనూ పనిచేసిన ఆ పడవ పేరేంటి?"

నుంజియా చేతిలో గరిటె కింద పెట్టింది. "మర్చిపోయావా డింకో?" అంది. ఆ గొంతులో జాలి విని ఆయనకి ఎటూ పాలుపోలేదు. జాలిపడవలసింది తను కదా. తర్వాత ఆమే అడిగింది, "ఈమధ్య నీకు తీపి మీదకి మనసు పోతోందా? పోతే చెప్పు, నేనేమీ అనను." కేకు ముక్క ఎప్పటికంటే సన్నగా కోసి పెట్టి, మిగతాది బీరువాలో పెట్టి తాళం వేసింది. ఎందుకు వేసిందో ఆయనకి అర్థం కాలేదు. బీరువాలో కేకు పెట్టడం కూడా ఆ జబ్బు లక్షణమేనేమో అనుకుని మరింత దిగులుపడ్డాడు.

వారం తిరిగేసరికి చెట్టుకి సగం కాయలు బోడివైపోయాయి. ఇక ఒట్టు నిలబెట్టుకోక తప్పదనుకుని, ఆ ఆదివారం ముద్ద దిగకముందే నోరు విప్పాడు.

"నీతో ఒక మాట చెప్పాలి."

"నేనూ నీతో ఒక మాట చెప్పాలి. ముందు నువ్వు చెప్పు."

"నువ్వు నా పెరట్లోకొచ్చి నిమ్మకాయలు చెట్టుకుండగానే చెక్కేస్తున్నావు. నీకది గుర్తుంటోందో లేదో మరి."

నుంజియా లేచింది. ఆయన చెయ్యి పట్టుకుని నారింజ చెట్టు కిందకి తీసుకుపోయింది. కాయలు నిండుగా పండి వేలాడుతున్నాయి. ఒకటి ముట్టుకుంటే దూదిలా తేలిపోయింది. పక్కన చిన్న చిల్లు, లోపల ఏమీ లేదు.

"జుర్రుకుని డొల్లలు వదిలేస్తున్నావు. పళ్ళు లేనివాడివి, షుగర్ ఉన్నవాడివి, దొంగచాటుగా తింటున్నావులే పాపం అనుకున్నా మొదట. డొల్ల పారేయాలన్న ధ్యాస కూడా లేదని తెలిశాక ఏడుపొచ్చింది నాకు."

"నేను తినలేదు నుంజియా."

"నేను చెక్కలేదు డింకో."

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చిక్కంతా అక్కడే. మతి పోయినవాళ్ళూ సరిగ్గా ఇలాగే అంటారని ఇద్దరికీ తెలుసు.

ఇంటికి వచ్చిన డింకో చేతులు వాసన చూసుకున్నాడు. మర్నాడు షుగర్ చూసుకుంటే బాగా ఎక్కువే ఉంది. కేకు వల్లనా, నారింజల వల్లనా? ఎంత తవ్వుకున్నా ఏమీ గుర్తు రాలేదు. తిననివాడికీ ఏమీ గుర్తుండదు, తిని మర్చిపోయినవాడికీ ఏమీ గుర్తుండదు. అంతలో కంచె మీంచి నుంజియా తల కనిపించింది. రాత్రంతా నిద్రపోని మొహం.

"డింకో, నా చెక్కుకత్తి కనపడటం లేదయ్యా. ఇల్లంతా వెతికాను. నువ్వన్నదే నిజమేమో."

"నేనూ తిన్నానేమోలే," అన్నాడు ఆయన, ఆమె ఒక్కతే అయిపోకూడదని.

ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. గరాజులో వల తీసి నారింజ చెట్టు చుట్టూ బిగించి కట్టేస్తాడు, తన చేతులు తనకి తెలియకుండా అటు పోకుండా. బతుకంతా చేపలకి వల వేసినవాడు ఆఖరికి తనకే వేసుకోబోయాడు.

కుప్ప మీంచి ఒక మడత లాగాడో లేదో, లోపల ఏదో చరచరా కదిలింది. ఇంకో మడత లాగితే నల్లటి ఎలుకలు, పొడుగు తోకలవి, దూలాల మీదకి పాకేశాయి. వల నడుమ గూడు. వలకి కట్టిన బెండు కొరికిన ముక్కలు, నూలు పోగులు, ఎండిన నిమ్మతొక్క ముక్కలు, నారింజ గింజలు. డింకో సిగ్గు విడిచి కళ్ళజోడు తెచ్చుకున్నాడు. బోడికాయ ఒకటి వెలుగులో పెట్టి చూస్తే, దాని నిండా జంట పళ్ళ గాట్లు. చిరుగు చూసి చింపినవాణ్ణి పట్టే మనిషి, ఇన్నాళ్ళూ గుడ్డిగా చూసి ఒక ఆడమనిషిని పిచ్చిదాన్ని చేశాడు.

మనవడు పుట్టినవాడిలా కంచె దగ్గరికి పరిగెత్తాడు.

"నుంజియా, ఎలుకలు."

"ఎక్కడ?"

"నా గరాజులో. బోలెడు ఉన్నాయి. పిల్లాపాపలతో."

నుంజియా శిలువ గుర్తు వేసుకుని, కొంగుకి బదులు ఏప్రన్‌లో మొహం దాచుకుని ఏడ్చి నవ్వింది. "ఆ వల పారేయమని నేనెన్నేళ్ళుగా మొత్తుకుంటున్నాను? నీ కొంపలో ఎలుకల్ని మేపి నామీద పెడతావా?" అని తిట్టడం మొదలెట్టింది. ఆ తిట్లు డింకో చెవులకి పాటలా వినిపించాయి.

వల ఆ రోజే చెత్తబండి ఎక్కింది. కంచె మీద కలిసిన కొమ్మలు కోసి రెండు చెట్లనీ విడదీశాడు. ఇంటికప్పుకి ఆనిన కొమ్మలూ తీసేశాడు. మానులకి ఎలుకలు ఎగబాకలేనంత వెడల్పున రేకు చుట్టాడు. గరాజు కన్నాలకి ఇనుప జల్లెడ కొట్టాడు. రాలిన కాయలు ఏరడం నుంజియా వంతు. బోనుల్లో జున్ను పెట్టమని ఆమె పోరితే, "ఇవి నువ్వు పుట్టిన ఊరి ఎలుకలు కావు" అని ఎండు అంజీర ముక్క దారంతో కట్టాడు. మొదట్లో బోను ఎక్కుపెట్టకుండా ఊరికే తిననిచ్చి, వాటికి నమ్మకం కుదిరాక బిగించాడు. ఒకటొకటిగా పడ్డాయి. కొన్నాళ్ళకి బోనులు ఖాళీగా ఉండిపోయాయి. బకెట్టు కంచె దాటింది, బోడికాయలు తిరిగొచ్చాయి. చెక్కుకత్తి మాత్రం దొరకలేదు. అదీ ఎలుకలే ఎత్తుకుపోయాయని ఇద్దరూ కూడబలుక్కుని తీర్మానించారు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున, చిటారున మిగిలిన కాయలు కోద్దామని డింకో చెట్టు కిందకి వెళ్ళాడు. చేతికందే కొమ్మకి ఒక బోడికాయ. తొక్క ఊడి పడలేదు. రిబ్బనులా మెలికలు తిరిగి కిందదాకా వేలాడుతోంది.

కళ్ళజోడు పెట్టుకున్నాడు. పంటిగాటు ఒక్కటీ లేదు. అంచు నున్నగా ఉంది. ఇది కత్తి పని, మనిషి చెయ్యి. అంతవరకు చెప్పగలడు. ఎవరి చెయ్యో మటుకు చెప్పలేకపోయాడు. జేబులోంచి తన వలకత్తి తీసి వాసన చూశాడు, నిమ్మ వాసనే. రాత్రి చేపల మీదకి కాయ కోసింది దాంతోనే. ఆమె అయితే మొహం మీద చెప్పాలి. తనే అయితే ఎవరికి చెప్పాలి? ఒట్టు పెట్టుకున్ననాడు ఈ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

కాయ కోసి జేబులో కుక్కుకుని వెనక్కి తిరిగేసరికి, కంచె అవతల నుంజియా నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో తెలియదు.

"ఏమైంది డింకో?"

"ఏం లేదు. ఇంకో ఎలుక మిగిలినట్టుంది."

నుంజియా ఆయన జేబు వైపు చూసింది. పసుపుపచ్చ తొక్క సగం బయటికి వేలాడుతోంది.

"ఒక్కటే కదా," అంది. "ఉండనీ. దానికి బోను పెట్టకు."

ఆ ఆదివారం ఇద్దరూ చేపల మీద ఆ కాయే పిండుకుని తిన్నారు.