ముప్పై ఎనిమిదో సమ్మతి

కామాటిపుర పదకొండో గల్లీలో రత్నాబాయి నోటికి భయపడని మనిషి లేడు. గ్రాంట్ రోడ్‌లో ఒక పళ్ల డాక్టరు దవాఖానా ముప్పయ్యేళ్లు ఊడ్చింది. రోగులు డాక్టరు కంటే ఆవిడకే ఎక్కువ వణికేవారు. అలాంటి మనిషికి ఆరు నెలలుగా నోట్లోంచి మాట రావడం లేదు. కూతురు రుతుజ అప్పుడొకనాడు స్నేహల్ అనే పిల్లను వెంటబెట్టుకొచ్చి, "అమ్మా, పెండ్లంటూ చేసుకుంటే ఈమెనే" అంది. తల్లి అవుననలేదు, కాదనలేదు. కూతురు ఇల్లు విడిచి పోయింది. తిరిగి రమ్మందామంటే ఆ వరస గదుల చాల్‌లో నలుగురూ ఏమంటారోనని తల్లికి ఒకటే బెంగ.

ఆ ఆదివారం పొద్దున్న శిరీష అనే సర్వే అమ్మాయి ట్యాబు పట్టుకుని వచ్చింది. మగవాళ్లు మగవాళ్లను, ఆడవాళ్లు ఆడవాళ్లను పెళ్లాడటం గురించి దేశదేశాల జనం ఏమనుకుంటున్నారో అడుగుతున్నారట. ఆ మాట విన్నదెవరు? ఆ చాల్‌కు ట్యాబుతో వచ్చేది పాతది కూల్చి కొత్త బిల్డింగు కట్టే సర్వేవాళ్లే! ఎవరేమడిగినా "సమ్మతమే" అనమని కమిటీ సెక్రెటరీ లస్మయ్య అందరికీ నూరిపోశాడు. ఒక్క ఇల్లు కాదన్నా కొత్త ఖోలీ గదులు గోవిందా.

"ఇద్దరు ఆడవాళ్లు పెళ్లి చేసుకుంటే మీకు సమ్మతమేనా?" అంది శిరీష.

"సమ్మతమే. గని సండాసు ఇంట్లనే ఉండాలె," అంది మొదటింటి తారాబాయి.

"వాళ్లు మీ పక్కింట్లోనే ఉంటే?"

"లిఫ్టు పెట్టుండ్రి, ఎవలున్నా పర్వా లేదు," అన్నాడు లస్మయ్య.

ముప్పై ఏడు ఇళ్లు, ముప్పై ఏడు సమ్మతులు. "ఇంత మంచి మనుషుల్ని నేనెక్కడా చూడలేదు," అని శిరీష కళ్లు తుడుచుకుంది.

చివరిది రత్నాబాయి ఇల్లు. చాలంతా వెంట వచ్చి గుమ్మం ముందు మూగింది. ప్రశ్న చెవికెక్కింది ఆవిడ ఒక్కదానికే. తలుపు మూసెయ్యబోయింది.

"ఏందక్కా, మా కొంప ముంచుతవా? సమ్మతమను!" తారాబాయి చెయ్యి పట్టుకు ఊపింది.

"దండం పెడ్త వదినె," అన్నాడు లస్మయ్య. "పిల్లల బతుకు బాగుపడే మాటకు అడ్డం రాకు."

రత్నాబాయికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఇన్నాళ్లూ ఈ మొహాలకా తను జడిసింది!

"సమ్మతమే!" అని గల్లీ దద్దరిల్లేలా అరిచింది. జనమంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యే ఫోన్ తీసి కూతురికి కలిపింది.

"రుతుజా, స్నేహల్‌ను తీసుకొని ఇంటికి రా బిడ్డా. చాల్ల అందరు ఎప్పుడో ఒప్పుకున్నరు. నేనే ఆలస్యం జేసిన."