ఉప్పునీళ్లలో కాళ్లు

ఏడో నెల వచ్చేసరికి నా పాదాలు ఉబ్బిపోయాయి. వేలితో నొక్కితే గుంట పడి చాలాసేపు అలాగే ఉండేది. రక్తపోటు ఉంది, రైలు ప్రయాణం వద్దని డాక్టరమ్మ చెప్పింది. తొలి కాన్పుకు గుడివాడ దగ్గర మా ఊరు వెళ్లాలనుకున్న నేను పటాన్‌చెరులో ఆ ఒంటిగదిలోనే ఉండిపోయాను. మా ఆయనకు ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోయేవారు. నాకు ఊరికే ఏడుపు వచ్చేది.

మా ఇల్లుగలావిడ రోజూ సాయంత్రం వెడల్పాటి సత్తు బేసినులో గోరువెచ్చటి నీళ్లు పోసి, గుప్పెడు కల్లుప్పు వేసి తెచ్చేది. నా కాళ్లు అందులో పెట్టించి, ఎదురుగా పీట వేసుకుని చింతపండులో గింజలు తీస్తూ కూర్చునేది. నీళ్లు చల్లారేదాకా లేవనిచ్చేది కాదు. హాయిగానే ఉండేది. అందుకే వద్దని నోరు తెరిచి అనలేకపోయేదాన్ని. ఎదురుగా ఆవిడ, వెనక గోడ. ఊపిరాడేది కాదు.

ఒకరోజు ఆవిడ మళ్లీ వేడినీళ్లకు లోపలికి వెళ్లగానే లేచాను. చెప్పుల్లో కాళ్లు పట్టలేదు. తడికాళ్లతోనే బొంబాయి రోడ్డుదాకా నడిచి బస్సు ఆగేచోట రాతిమీద కూలబడ్డాను. మడమలదాకా దుమ్ము అంటుకుంది.

ఆవిడ ఆయాసపడుతూ వచ్చి పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకోలేదు, కోప్పడలేదు.

"మా అమ్మ దగ్గరికి వెళ్లాలి పిన్నిగారూ," అన్నాను.

"పోదువు గని బిడ్డా. టేషన్ల దిగినంక గీ కాళ్లతోని ఎట్ల నడుస్తవ్?"

తరవాత నెమ్మదిగా తన సంగతి చెప్పింది. పెళ్లయిన కొత్తలో తనూ జోగిపేటలోని పుట్టింటికని ఎవరికీ చెప్పకుండా రెండుసార్లు బయలుదేరిందట. రెండుసార్లూ అన్నలే వెనక్కి తెచ్చి అత్తారింట్లో దింపారట.

"నన్నైతే ఎవ్వలడగలె, ఏమైందని," అంది.

బస్సు వచ్చింది. కండక్టరు మా వంక చూశాడు. నేను లేవలేదు. ఇంకో బస్సు కూడా వెళ్లిపోయాక ఆవిడ భుజం పట్టుకుని ఇంటికి నడిచాను.

మర్నాడు ఆవిడ మా ఆయనను నిద్ర లేపి మరీ మాట్లాడింది. ఆయన మా అమ్మకు టెలిగ్రాం ఇచ్చారు. అమ్మ వచ్చాక ఏడుపు ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఇప్పుడు ఆ గదిలో అమ్మ, పిన్నిగారు, ఇద్దరి కళ్లూ నామీదే. కాన్పు అక్కడి ఆస్పత్రిలోనే అయింది, ఆడపిల్ల. నాలుగు నెలలు గడిచాక పాపను తీసుకుని మా ఊరు వెళ్లాను.