బావి దగ్గర అక్క పెట్టిన రాయి

అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న రోజుల్లో మా ఊళ్ళో నా గురించి ఒక గట్టి నమ్మకం ఉండేది. సర్కారు కొలువు కోసం పట్నంలో చదివే పిల్ల అంటే సగం సర్కారులో ఉన్నట్టే అనుకునేవారు. పింఛను ఆగిపోయినా, రేషన్ కార్డులో పేరు గల్లంతైనా ఫోన్ నాకే వచ్చేది. పథకాల పేర్లు గడగడా చెప్పగలను గానీ, వాటిలో ఒక్కటీ ఎవరికీ ఇప్పించలేనని ఎంత చెప్పినా వినేవారు కాదు. మరి చదివి ఏం లాభమని అడిగేవారు.

మా అక్క ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచరు. సెంటర్‌కు వెళ్ళే దారి మలుపులో ఒక పాత బావి ఉంది. నల్లాలు వచ్చాక దాని నీళ్ళు ఎవరూ తోడటం లేదు, చుట్టూ గోడ ఎప్పుడో కూలిపోయింది. ఒకరోజు ఒక పిల్లవాడు మేకపిల్ల వెంట పరుగెత్తి సరిగ్గా దాని అంచు దాకా వెళ్ళాడు. అక్క వాడి చొక్కా పట్టి వెనక్కి లాగింది. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది.

“చెల్లె, నువ్వు సర్కారు గురించే చదువుతున్నవు గద. ఈ బాయి చుట్టు గోడ ఎవలు కట్టియ్యాలె? జర చూసి చెప్పు. ఇయ్యాల ఆ పిల్లగాడు చేతికి చిక్కకపోతే వాళ్ళమ్మకు నేను ఏం మొఖం చూపిద్దును?”

ఇది నాకు వచ్చిన ప్రశ్నేనని సంబరంగా పుస్తకాలు తీశాను. పంచాయతీలకు అప్పగించిన అంశాల్లో సామాజిక ఆస్తుల నిర్వహణ కూడా ఉంది. అయితే నీళ్ళు తోడని బావి ఆస్తి అవుతుందా? చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో, చెట్ల కింద మా చదువుల బ్యాచ్ ముందు ఈ మాట ఎత్తానో లేదో కొట్లాట మొదలైంది. తాగునీటి కిందికి వస్తుందని ఒకడు, తాగనిది తాగునీరెట్లా అవుతుందని ఇంకొకడు. ఉపాధి హామీ కింద కట్టొచ్చని ఒక అమ్మాయి, ముందు గ్రామసభ తీర్మానం కావాలని మరొక అమ్మాయి. టీ చల్లారిపోయింది గానీ బావి ఎవరిదో తేలలేదు.

అక్క అక్కడ తన తిప్పలు తను పడుతోంది. పంచాయతీ ఎన్నికలు జరగక ఊరికి సర్పంచే లేడు. సర్పంచ్ బదులు పాలన చూసే ప్రత్యేకాధికారి ఇంజనీరును అడగమన్నాడు. ఇంజనీరు గ్రామసభ తీర్మానం తెమ్మన్నాడు. గ్రామసభ పెట్టాల్సింది మళ్ళీ ఆ ప్రత్యేకాధికారే. సర్కారు ఆఫీసులో పని చేసి రిటైరైన మనిషి కదా అని మా హాస్టల్ ఓనరు గారిని నారాయణగూడ మెస్సులో పట్టుకుని అడిగాను. ఆయన ఇడ్లీ తుంచుతూ, “ఫైలు పైకి పోవాలమ్మా. పైకి పోవాలంటే కింది నుంచి రావాలె. కింద ఎవరున్నరు, చెప్పు?” అన్నారు. ఆయన్ను మెచ్చుకోవాలో ఏడవాలో తెలియక బిల్లు కట్టి వచ్చేశాను.

కొన్నాళ్ళకు అక్క మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి నవ్వుతోంది. తెల్లవారకముందే వాగులోంచి ఒక రాయి తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి, వేపరెమ్మ గుచ్చి బావి పక్కన మైసమ్మ దేవతగా నిలబెట్టిందట. “మైసమ్మంటే మనోళ్ళు చెప్పులేసుకొని దగ్గరికి పోరు, చుట్టు తిరిగి పోతరు. నీ పుస్తకంల ఉన్నదా గిది?” అంది. లేదక్కా అన్నాను. నాకు భలే అసూయ కలిగింది.

ఆ అసూయ ఎన్నాళ్ళో నిలవలేదు. శ్రావణం వచ్చేసరికి ఊళ్ళో ఆడవాళ్ళు బోనాలతో వచ్చారు, కొబ్బరికాయలు కొట్టారు. కొబ్బరి ముక్కల కోసం అంగన్‌వాడీ పిల్లలంతా బావి దగ్గరికే పరుగు! దూరం పెట్టమని నిలిపిన దేవత పిల్లల్ని చేతులూపి పిలుస్తున్నట్టయింది. అక్క హడలిపోయి, ఆ రాయి పెట్టింది నేనే, తీసేస్తానని నలుగురిలో చెప్పేసింది.

ఎవరూ నమ్మలేదు. నమ్మారు గానీ వేరే విధంగా నమ్మారు. “నువ్వు పెడితే ఏంది బిడ్డా, నీ చేత పెట్టించింది అమ్మనే గద,” అంది ఒక ముసలమ్మ. మా అక్కకే బొట్టు పెట్టి కాళ్ళకు మొక్కబోయారట. అప్పటి నుంచి పిల్లలు వచ్చే వేళా పోయే వేళా అక్క ఆ మలుపులో చేతులు చాచి నిలబడేది. వాన పడినా, జ్వరం వచ్చినా నిలబడేది. నేనేమో ఇక్కడ గ్రామీణాభివృద్ధి మీద మోడల్ పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ కాగితం చూస్తే ఒళ్ళు మండింది.

చివరికి ఎన్నికలు జరిగాయి, సర్పంచ్ వచ్చాడు. ఇంజనీరు బావిని పూడ్చేద్దామన్నాడు, అదే మేలైన పని. మైసమ్మ బావిని పూడుస్తావా అని ఊరు ఊరంతా లేచింది. పూడ్చనివ్వరు కాబట్టి గోడైనా కట్టమని సర్పంచ్ ఇంజనీరుకు చెప్పాడు. అట్లా గోడ వచ్చింది.

కాచిగూడలో రైలెక్కి నేను ఊరికి వెళ్ళింది ఆ గోడ పూర్తయ్యాకే. పిల్లల ఛాతీ ఎత్తున నిలబడింది, మీద పథకం పేరు రాశారు. రాయిని బయట దారి వైపు చిన్న గద్దె మీద పెట్టారు. అక్క చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని దానికి దండం పెట్టింది.

“అక్కా, ఏందిది? నువ్వు తెచ్చిన రాయే గదనే!”

“ఇన్ని దినాలు ఒక్క పిల్లగాడు గూడ పడలేదు గద,” అంది కళ్ళు తెరవకుండానే. “ఎవలు కాపాడిన్రో నాకేమెరుక. గిప్పుడు చెప్పు, గీ గోడ ఎవలు కట్టిచ్చినట్టు? పరీక్షల వస్తే ఏం రాస్తవు?”

ఎండలో నిలబడీ నిలబడీ అక్క ముఖం కమిలి నల్లబడి ఉంది. చెప్పులు విడిచి ఆమె పక్కన నిలబడి నేనూ చేతులు జోడించాను.