భుజం మీద నల్లగుడ్డ

గుర్రాల ఫొటోలు తీసే ఆయన కోపమొస్తే నోరు చేసుకునేవాడు కాదు. కెమెరా మీది నల్లగుడ్డ లాగి భుజాన వేసుకునేవాడు. ఇక పని ఆగిపోయినట్టే.

జాగీర్లు పోయినా మా అచ్చంపేట వైపు దొర దర్పం పోలేదు. తన గుర్రాన్ని పోటీకి పంపాలని, ఫొటో కోసం ఆ ఫొటోలాయన్ని పిలిపించాడు. కళ్లెం పట్టుకున్నది దాన్ని సాకిన మా బాపు. దొర ముందు తలకు రుమాలు ఉండకూడదు కనుక దాన్ని చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

“వాణ్ణి పక్కకు పొమ్మను. గుర్రమొక్కటే పడాలె,” అన్నాడు దొర.

బాపు జరగగానే గుర్రం చెవులు వాల్చేసింది. చెవులు నిక్కబొడవందే ఫొటోలాయన ఫొటో తీయడు.

“సాకినోడు పక్కపొంటి ఉంటెనే అది మంచిగ నిలవడ్తది దొరా,” అన్నాడు ఫొటోలాయన.

“అయితే వాణ్ణి గుర్రం ఎనుక దాసిపెట్టు.”

నల్లగుడ్డ భుజం మీదికి వచ్చింది.

“మనిషిని దాసి నేను ఫొటో తియ్య. ఇంకొకర్ని పిలిపించుకోండ్రి.”

దొరతో అట్లా మాట్లాడినవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. ఫొటో లేకుంటే గుర్రాన్ని పోటీకి రానివ్వరు, గుర్రాల ఫొటోలు తీసేవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. దొర పళ్లు కొరుకుతూ “కానియ్” అన్నాడు. బాపు మళ్లీ వచ్చి కళ్లెం పట్టుకున్నాడు.

ఫొటోలాయన గుడ్డను మళ్లీ కెమెరా మీద కప్పి, దాని కింద తల దూర్చబోయి ఆగాడు.

“అన్నా, రుమాలు నెత్తికి కట్టుకో.”

బాపు దొర కళ్లలోకి చూశాడు. చూస్తూనే కట్టుకున్నాడు.

గుర్రం చెవులు నిక్కబొడిచింది.