గదిలో రెండో మనిషి

అబద్ధాలాడి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. నేను నిజం చెప్పి పోగొట్టుకున్నాను, అదీ ఇంకా చేతికి రాని ఉద్యోగాన్ని. ఎలా మునిగానో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వండి. మా నాయన ఉంటే అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు.

చిన్నప్పుడు నాకు ఆయాసం. మార్కాపురం పలకల దుమ్ములో వీధి చివరిదాకా నడిస్తే పాత బస్సులా రొప్పేదాన్ని. బడి కుదరలేదు. నాయన దుకాణం కట్టేసి వచ్చి, పలక ఒళ్లో పెట్టుకుని, ఇంట్లోనే నాకు చదువు చెప్పాడు. నన్ను బడికి పంపలేని దేవుడు బడినే మా ఇంటికి పంపాడని ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. పెద్దయ్యాక, కంప్యూటర్లలోకి దొంగలు దూరకుండా కాపలా కాసే విద్య ఆన్‌లైన్లో నేర్చుకున్నాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాయన పక్కనే కూర్చుని ఊ కొట్టేవాడు. ఇంటర్వ్యూ తేదీ రాగానే బజారంతా చెప్పుకొచ్చాడు, "మా పాప కంప్యూటర్లకు పోలీసు కాబోతాంది!" అని.

ఆ తేదీ రాకముందే నాయన వెళ్లిపోయాడు. రాత్రి పడుకున్నవాడు తెల్లారి లేవలేదు.

"మైలలో ఇంటర్వ్యూ ఏందే? లోకమేమన్నా మునిగిపోతాందా?" అంది కొమరోలు నుంచి వచ్చిన మేనత్త.

"ఆ తేదీ కోసం ఆయన ఎంత ఎదురుచూసినాడో నీకు తెలీదు వదినా. ఇది కూడా ఆయనకు చేసే కర్మల్లో ఒకటనుకో," అంది అమ్మ.

అత్త మెత్తబడింది. "సరే పో. దీపం మాత్రం ఆరనియ్యొద్దు. పదో దినం దాకా మీ నాయన ఈడనే ఉంటాడు."

ఇంటర్వ్యూ ఇంటినుంచే, కంప్యూటర్ ముందు కూర్చుని. చుట్టాలు లేని గది మా ఇంట్లో దీపం పెట్టిన గదొక్కటే. నాయన ప్రాణం పోయిన చోట దీపం, పక్కన చెంబుతో నీళ్లు, ఆయన కళ్లజోడు. దీపం కోసం ఫ్యాను ఆపేశాను. ఇక చూడండి నా వాలకం: గోడ దూకి దొరికిపోయిన దొంగలా చెమటలు, నిమిషానికోసారి మూలకు చూపులు, పెదాల మీద దైవనామం. ఒకరి ఇంటర్వ్యూలో చాటునుంచి ఇంకొకరు జవాబులు అందిస్తున్న రోజులాయె. తెర మీది సార్‌కు అనుమానం రాకుంటేనే తప్పు.

"గదిలో ఇంకెవరైనా ఉన్నారామ్మా?"

'లేరు సార్' అంటే అయిపోయేది. కానీ నాయన వింటున్నాడు. ఆయన ఎదురుగానే ఆయన లేడని ఎలా అనను?

"ఉన్నాడు సార్. మా నాయన."

"బయటికి పంపించండి."

"పంపకూడదు సార్. పదో దినం దాకా ఇక్కడే ఉండాలంట."

"ఏంటీ? లోపల కూర్చుని ఏం చేస్తారాయన?"

"ఏం చెయ్యడు సార్. వింటాడంతే."

"మీకు జవాబులు అందిస్తారా?"

"అందిస్తే ఎంత బాగుండు సార్!"

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. నా నిజం నిలబడకముందే నన్ను కూలబెట్టింది.

"కెమెరా ఆయన వైపు తిప్పండి," అన్నాడు సార్ గట్టిగా.

తిప్పాను. దీపం, చెంబు, కళ్లజోడు.  సార్ గొంతు తగ్గించి ఏవో ప్రశ్నలు అడిగాడు. అన్నిటికీ జవాబు చెప్పాను. గట్టెక్కాననే అనుకున్నాను.

పదో రోజు దీపం తీసేసి, తలస్నానాలు చేసి కూర్చున్నాక, ఆ కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

"సారీ అక్కా. రికార్డింగ్ చూసేవాళ్లు మీ గదిలో రెండో మనిషి ఉన్నట్టు తేల్చారు. మీ నోటితో మీరే ఒప్పుకున్నారు కదా. సార్ ఎంత చెప్పినా వినలేదు. ఒకసారి రికార్డులో అలా ఎక్కితే తీసెయ్యడం కుదరదు."

"తీసెయ్యొద్దు తల్లీ," అన్నాను. "అట్లనే ఉండనీ."

"ఏమంటాండారే?" అంది అమ్మ.

"ఉద్యోగం రాలేదమ్మా. నాయన మాత్రం గదిలో ఉన్నట్టు తేల్చినారంట."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఉన్నన్నాళ్లూ ఇంతే ఆ మనిషి. ఏ పని కాడ కూర్చున్నా చెడగొట్టేవాడు," అని నవ్వింది. నాయన పోయాక అదే మొదటి నవ్వు. అది నవ్వుగా మొదలైంది గాని, నవ్వుగా ముగియలేదు.

కొన్నాళ్లకు అదే గదిలో కూర్చుంటే, ఇంకో కంపెనీ వాళ్లు అదే ప్రశ్న అడిగారు. మూలకు చూశాను. దీపం లేదు. ఫ్యాను హాయిగా తిరుగుతోంది.

"ఎవరూ లేరండీ," అన్నాను. ఉద్యోగం వచ్చింది. దేవుడి దయ. ఆ మాట అబద్ధమైతే ఎంత బాగుండేదో ఆ దేవుడికే తెలియాలి.

అందుకే మా ఇలవేల్పు మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను: ఇకమీదట ఏ ఇంటర్వ్యూలోనూ మా నాయనను పట్టివ్వను. ఆయన సాక్షాత్తూ వచ్చి పక్కన కూర్చుని ఊ కొట్టినా సరే, ఎవరూ లేరనే బుకాయిస్తాను. కావాలంటే ఒక్కసారి వచ్చి కూర్చుని చూడమనండి.